‘పని బాగుంది, కానీ దూకుడు ఎక్కువ’

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీఏ చదువుతోంది. ఇంటర్న్‌షిప్ ఫీడ్‌బ్యాక్‌లో ‘పని బాగుంది, కానీ దూకుడు ఎక్కువ’ అని రాశారు. తనలాగే మాట్లాడే అబ్బాయికేమో ‘నాయకత్వ లక్షణాలున్నాయి’ అని వచ్చిందట. కాస్త తగ్గి ఉండమని చెప్పాలా? – ఒక తల్లి

జవాబు: అప్పుడే చెప్పకండమ్మా. మీ అమ్మాయికి వచ్చింది కొత్త కామెంటేమీ కాదు. అమెరికాలో ఆన్ హాప్‌కిన్స్ అనే ఆవిడ ప్రైస్ వాటర్‌హౌస్ అనే పెద్ద అకౌంటింగ్ సంస్థలో పనిచేసేవారు. దాదాపు 2.5 కోట్ల డాలర్ల కాంట్రాక్టు తేవడంలో ఆవిడది పెద్ద పాత్ర. అయినా 1982లో పార్టనర్‌గా (సంస్థలో భాగస్వామిగా) పేరు ప్రతిపాదిస్తే పక్కన పెట్టారు. ఇంకాస్త ఆడతనంగా నడవాలి, మాట్లాడాలి, మేకప్ వేసుకోవాలి అని సలహా ఒకటి! కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇలాంటి మూస అభిప్రాయాలతో ప్రమోషన్ ఆపడం వివక్షేనని 1989లో తీర్పు వచ్చింది. చివరికి కోర్టు ఆదేశంతోనే ఆవిడ పార్టనర్ అయ్యారు.

సమర్థత మీద ఎవరికీ అనుమానం ఉండదు, పేచీ అంతా ‘నచ్చడం’ దగ్గరే. కొలంబియా బిజినెస్ స్కూల్లో ఒకే విజయగాథను కొందరు విద్యార్థులకు హైడీ అనే ఆడపేరుతో, మిగతావాళ్లకు హోవార్డ్ అనే మగపేరుతో ఇచ్చారు. ఇద్దరూ సమర్థులేనన్నారు. కానీ హోవార్డ్‌తో పనిచేయడానికి ఇష్టపడ్డారు, హైడీ మాత్రం స్వార్థపరురాలిలా కనిపించింది. బాస్ కూడా ఆడమనిషైతే ఈ బాధ ఉండదనుకోకండి. ఈ అలవాటు ఆడవాళ్లలోనూ ఉంటుంది. మెతకగా ఉండే మగవాళ్లకూ దెబ్బే, ‘వీడు లీడర్ కాలేడు’ అనేస్తారు.

కాబట్టి అమ్మాయిని మేనేజర్‌కు మర్యాదగా ఒక మెయిల్ పెట్టమనండి: ‘ఏ మీటింగ్‌లో, నేను ఏమన్నప్పుడు అలా అనిపించింది? ఎలా అని ఉంటే బాగుండేది?’ ‘క్లయింట్ మాట పూర్తికాకముందే అడ్డుపడింది’ లాంటి జవాబొస్తే అది నిజంగా మార్చుకోవాల్సిన అలవాటే, అబ్బాయైనా అంతే. ‘ఏమో, అలా అనిపించింది’ అంటే దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఊరికే తగ్గితే వచ్చే ఏడాది ‘గట్టిగా నిలబడలేదు’ అని రాస్తారు, అదొక టెన్షన్.

ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో ‘మేం చేశాం’ అని మొత్తం టీమ్ ఖాతాలో వేసేయకుండా, తను చేసిన భాగాన్ని అంకెలతో చెప్పమనండి. కలిసి చేసిన పనిలో ఆడపిల్లల వాటా తరచూ కనబడకుండా పోతుంది.

ఒకవేళ ఆ కంపెనీయే ఉద్యోగమిస్తానంటే, ప్రమోషన్ దేన్నిబట్టి ఇస్తారో ముందే అడగాలి. అక్కడ పై హోదాలో ఉన్న ఒకరిద్దరు మహిళలతో ఓ పావుగంట మాట్లాడితే మంచిది. వాళ్ల గురించి కింద పనిచేసేవాళ్లు ఏమంటున్నారో వింటే ఇంకా మంచిది.