ఏరడం సరే అమ్మలూ, నిలబెట్టుకోవడం మాటేంటి?

అమ్మలూ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పింది, నీకు బెంగళూరు కబ్బన్ రోడ్డులోని ఎయిర్‌మెన్ సెలెక్షన్ సెంటర్‌కి, అదే వైమానిక దళంలోకి కుర్రాళ్ళని ఎంపిక చేసే ఆఫీసుకి, పోస్టింగ్ వచ్చిందని, "టెక్నికల్ ట్రేడ్‌లకి పనికొచ్చే పిల్లల్ని ఈసారి నేను పట్టుకొస్తా" అని తెగ హుషారుగా ఉన్నావని. సంతోషం పట్టలేక మీ అత్తయ్యని నిద్రలేపి మరీ చెప్పాను. తర్వాత నాకే నిద్ర పట్టలేదు. నువ్వు పై ర్యాంకు ఆఫీసరువి, నేను సర్వీసులో ఉండుంటే నీకు సెల్యూట్ కొట్టాల్సిన వారంట్ ఆఫీసర్ని, కానీ మేనమామని కూడా కదా, నాలుగు మాటలంటాను, పడు.

రాతపరీక్ష, 7 నిమిషాల్లో 1.6 కిలోమీటర్ల పరుగు, మెడికల్, వీటిల్లో నువ్వు చేసేదేం లేదు, వేలు పెట్టకు. కోలారు, పావగడ, బాగేపల్లి వైపు పిల్లలు తెలుగులో "మేడమ్, మాది ఫలానా ఊరు" అంటారు, కరిగిపోకు. ఉద్యోగం ఇప్పిస్తామని ఊళ్ళలో తిరిగే బ్రోకర్లకి రూపాయి ఇవ్వొద్దని పిల్లలతో వచ్చిన నాన్నలకి నువ్వే నోటితో చెప్పు. బోర్డు పెట్టాం కదా అని ఊరుకోకు, ఆ టెన్షన్‌లో బోర్డులు ఎవరు చదువుతారు?

ఇంకోటి, నువ్వు చిన్నప్పట్నుంచీ ఫస్టు ర్యాంకు, అదే నాకు భయం. టకటకా ఇంగ్లీషు మాట్లాడేవాడు నీ కంటికి తెలివైనవాడిలా కనిపిస్తాడు. గ్రూప్ డిస్కషన్‌లో నోరు పెగలనివాడు స్క్రూడ్రైవర్ చేతికిస్తే వేరే మనిషి అవుతాడు, అలాంటివాళ్ళతోనే నేను సర్వీసంతా పనిచేశాను. ప్లస్ టూ పిల్లలతో పాటు మూడేళ్ళ ఇంజనీరింగ్ డిప్లొమా వాళ్ళూ అర్హులే కదా, తుమకూరు, చిత్రదుర్గ పాలిటెక్నిక్‌లకి వెళ్ళు. వెళ్ళేటప్పుడు ఫైటర్ విమానాల ఫొటోలు మోసుకెళ్ళకు తల్లీ! ఆ ఫొటో చూసి వచ్చినవాడు హ్యాంగర్‌లో గ్రీజు చూసి ఏడుస్తాడు. పాత సర్క్యూట్ బోర్డు ఒకటి బల్ల మీద పడేసి మాట్లాడుతూ ఉండు, ఎవడు దాన్ని తిరగేసి వెనక సోల్డరింగ్ అతుకులు చూస్తాడో వాడి పేరు అడుగు, అప్లికేషన్ పెట్టమని చెప్పు.

ఇప్పుడు అసలు సంగతి. ఏ యూనిట్, ఎవరు అని అడక్కు.

రాజస్థాన్ వైపు ఒక రాడార్ యూనిట్‌లో ఉన్నాను. ఎండలు ముదిరాక ప్రతి మధ్యాహ్నం రిసీవర్ చచ్చిపోయేది. మేం వెళ్ళి, ఏసీ వేసుకుని, మీటర్లు పెట్టి చూస్తే అన్నీ బాగానే ఉండేవి. బోర్డులు మార్చాం, కేబుళ్ళు మార్చాం, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకున్నాం. విజయనగరం వైపు కుర్రాడు, కార్పొరల్, అప్పటిదాకా వాడి గొంతు ఎవరూ విన్నది లేదు, "ఏసీ ఆపండి సార్, చల్లబడితే అది దాక్కుంటోంది" అన్నాడు. తలుపు మూసుకుని, ఒంటి మీద బనియన్‌తోనే కూర్చుని, పెన్సిల్ వెనక వైపుతో ఒక్కో బోర్డు మీద మెల్లగా తడుతూ పోయాడు, చూపంతా సిగ్నల్‌ని గీతగా చూపించే ఆసిల్లోస్కోప్ మీదే. ఒకచోట తట్టగానే గీత వణికింది. భూతద్దం పెట్టి చూస్తే సోల్డరింగ్‌లో వెంట్రుకంత పగులు. వేడికి విచ్చుకుంటోంది, చల్లబడితే అతుక్కుంటోంది.

అలాంటివాణ్ణి ఏం చెయ్యాలి? నెత్తిన పెట్టుకోవాలి. ఇన్‌స్పెక్షన్ వచ్చింది, వాడు కంప్యూటర్‌లో ఓ ప్రెజెంటేషన్ చేసిచ్చాడు, అది మా పై అధికారికి తెగ నచ్చేసింది, "వీడు ఆఫీసులో ఉండాల్సినవాడు" అని తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. అంతే. లీవు రోస్టర్లు, స్పోర్ట్స్ డే సర్టిఫికెట్లు, ఆయన భార్య మేడమ్ గారి పార్టీకి ఆహ్వానాలు. రాడార్ మొరాయిస్తే అర్ధరాత్రి లేపేవాళ్ళు, బాగుచేసి పొద్దున్నే మళ్ళీ టైపింగ్‌కి పోవాలి. సెక్షన్‌కి పంపండి సార్ అని అడిగితే ఆయనన్న మాట ఏంటో తెలుసా, "ఇక్కడ ఏసీ ఉంది కదరా, నీకేం కష్టం?"

20 ఏళ్ళ ఎంగేజ్‌మెంట్, అదే సర్వీసు ఒప్పందం, నిండగానే ఎక్స్‌టెన్షన్ వద్దని రాసిచ్చేశాడు. ఇప్పుడు ఇక్కడి ఫ్యాక్టరీల పేట పీణ్యాలో చిన్న షెడ్డులో, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషీన్ల బోర్డులు బాగుచేస్తాడు, కంపెనీలు ఇక పారెయ్యడమే అనుకున్నవి కూడా. ఎందుకు వచ్చేశావురా అంటే జీతం గురించి ఒక్క మాట అనలేదు. "పని మర్చిపోతానేమోనని భయమేసింది సార్" అన్నాడు. నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

క్వార్టర్లు, పిల్లల బడి, ఊరికి దగ్గర పోస్టింగ్, ఇవన్నీ కావాలి, కాదనను. కానీ వాటి గురించి అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. మనిషి చేతిలో పనిముట్టు లాక్కున్నారా లేదా అని అడిగేవాళ్ళే లేరు. నువ్వు తెచ్చినవాళ్ళలో పదిమంది పేర్లు డైరీలో రాసుకో, ఏడాది తర్వాత వాళ్ళ సెక్షన్‌లకి ఫోన్ చేసి ఏం పని చేయిస్తున్నారో కనుక్కో. రేపు నీ కిందికే సెక్షన్ వస్తుంది, అప్పుడు నువ్వు కూడా "వీడు స్లైడ్లు బాగా చేస్తాడు" అన్నావని నాకు తెలిసిందో, ఊరుకోను.

ఇక అగ్నివీర్ సంగతి, అదే ఇప్పుడు పిల్లల్ని దళంలోకి తీసుకునే పద్ధతి. 2022లో ఈ పథకం వచ్చినప్పట్నుంచీ పిల్లలకి చేతిలో ఉన్నది 4 ఏళ్ళు, ఆ తర్వాత పర్మనెంట్ అయ్యేది 25 శాతానికి మించదు. మా రోజుల్లో ఇక్కడ జలహళ్ళిలో ట్రేడ్ ట్రైనింగే ఏడాది పైన పట్టేది, మెషీన్ మన మాట వినడానికి ఇంకా బోలెడు టైం. వీళ్ళకి చెయ్యి తిరిగేసరికి వెళ్ళిపోయే రోజొస్తుంది. అది నువ్వు మార్చలేవు. కానీ "బాగా పనిచేస్తే ఉంచేసుకుంటార్రా" అని మాత్రం ఏ పిల్లాడికీ చెప్పకు, నీ నోటితో ఆ మాట రాకూడదు. మొదటి ఏడాది 30,000 అంటే చేతికొచ్చేది 21,000 అని, మిగతాది నిధిలోకి వెళ్తుందని, చివర్లో 10 లక్షల పైచిలుకు వస్తుందని లెక్క వేసి చూపించు. ఆ నిజం విని కూడా ఉంటానన్నవాడే నాకు కావాలి. దీనివల్ల అప్లికేషన్లు తగ్గుతాయి, పైనుంచి నీకు చీవాట్లు పడొచ్చు. పడనీ.

క్వార్టర్ దొరికేదాకా హోటళ్ళలో ఉంటానంటే మీ అత్తయ్య ఒప్పుకోదు, గంగమ్మ సర్కిల్‌లో మన ఇంటి మేడ మీద గది ఖాళీ చేయిస్తోంది. పాలిటెక్నిక్‌లో ఇచ్చే స్పీచ్ రాసుకుని రా, ముందు నేను వినాలి. బోర్డు కోసం వెతకక్కర్లేదు, పీణ్యా వాణ్ణి అడిగి మంచిది ఒకటి తెప్పిస్తాను.

మీ మావయ్య