ఓడలు నడిపేవారికి రాకెట్లతో పనేమిటి?

ప్రశ్న: మా పెద్దబ్బాయి సరుకుల ఓడలో సెకండ్ ఆఫీసరుగా పనిచేస్తున్నాడు. తమ కంపెనీ అంతరిక్ష రంగంలోకి దిగే ఆలోచనలో ఉందని, తనను కూడా ఆ విభాగానికి పంపవచ్చని మొన్న ఫోనులో చెప్పాడు. మావారికి మిర్చి కోల్డ్ స్టోరేజీ వ్యాపారం తప్ప మరొకటి తెలియదు, నాకు అది కూడా తెలియదు. నీటి మీద పని నేర్చినవాడికి ఆకాశంలో ఏం పని ఉంటుంది? ఉన్న ఉద్యోగానికే ఎసరు వస్తుందేమోనని దిగులుగా ఉంది.
– ఒక పాఠకురాలు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: అమ్మా, మీ అబ్బాయి ఆకాశంలోకి వెళ్ళనక్కరలేదు. రాకెట్ల వ్యాపారంలో చాలా భాగం సముద్రం మీదే జరుగుతుంది, మన దేశపు సరుకుల ఓడలు ఆ పనిలో ఇదివరకే పాలుపంచుకున్నాయి కూడా.

2013లో మంగళ్‌యాన్‌ను మోసుకెళ్ళిన పీఎస్ఎల్‌వీ రాకెట్టు మూడో దశ ముగిశాక, నాలుగో దశ మండే వరకు దాదాపు 25 నిమిషాలు ఇంజను లేకుండా సాగి దక్షిణ పసిఫిక్ మీదికి చేరవలసి ఉంది. అక్కడ నాలుగో దశ మండిందో లేదో కనిపెట్టి చూడాలంటే కింద ట్రాకింగ్ స్టేషను ఉండాలి, కానీ ఆ దారిలో కింద ఉన్నదంతా నీళ్ళే. అందుకని ఇస్రో, షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాకు చెందిన నలంద, యమున అనే రెండు ఓడల మీద యాంటెనాలు బిగించి ఫిజీ వైపు పంపింది. దారిలో వాతావరణం బాగాలేక నలంద ఆలస్యంగా చేరుతుందని తేలడంతో, అక్టోబరు 28న జరగవలసిన ప్రయోగం నవంబరు 5కు వాయిదా పడింది. నవంబరు 19 దాటితే కుజుడి వైపు వెళ్ళే అవకాశం కోసం మళ్ళీ రెండేళ్ళకు పైగా ఆగవలసి వచ్చేది. అంటే కొన్నాళ్ళపాటు ఆ ప్రయోగం తేదీ శ్రీహరికోటలో ఉన్నవారి చేతుల్లో కంటే పసిఫిక్‌లో ఉన్న ఒక ఓడ కెప్టెను చేతుల్లోనే ఎక్కువగా ఉందన్నమాట. చెప్పిన చోటికి చెప్పిన వేళకు చేరడం, చేరలేకపోతే ఆ మాట ముందుగా చెప్పగలగడం, అలల మీద రోజుల తరబడి ఒకేచోట నిలబడడం రాకెట్ ఇంజనీరింగులో నేర్పే విద్యలు కావు. మీ అబ్బాయి కంపెనీ అమ్మగలిగిన సరుకు ఇదే.

మీది మిర్చి ఇల్లు గనుక ఇంకో సంగతి సులువుగా అర్థమవుతుంది. కోల్డ్ స్టోరేజీ నుంచి బయటకు తీసిన టిక్కీలను (మిర్చి బస్తాలను) కంటైనరులో వేసి ఓడ ఎక్కిస్తే, పగటి వేడికి లోపలి గాలిలో చేరిన తేమ రాత్రి చల్లబడిన పైకప్పు రేకుకు పట్టి, బొట్లు బొట్లుగా బస్తాల మీద పడుతుంది. దీన్ని ఓడల వాళ్ళు కంటైనరుకు చెమట పట్టడం అంటారు. బూజు పట్టిన సరుకు అవతలి రేవులో దిగినప్పుడు తప్పు ఎవరిదన్న తగాదా ఎలా నడుస్తుందో మీవారిని అడిగితే చెబుతారు. రాకెట్టు భాగాలకూ ఉపగ్రహాలకూ శత్రువులు ఇవే: తేమ, ఉప్పుగాలి, కుదుపు. ఐరోపా వారు ఏరియాన్ 6 రాకెట్టు భాగాలను ఫ్రెంచ్ గయానాకు చేర్చడానికి కనోపే అనే 121 మీటర్ల ఓడను ప్రత్యేకంగా కట్టించుకున్నారు. ఒక్కొక్కటి 363 చదరపు మీటర్ల తెరచాపలు నాలుగు దాని మీద నిలబడి ఉంటాయి, గాలి అనుకూలంగా ఉంటే ఇంధనం ఆదా అవుతుంది. తెరచాప ఓడ మీద రాకెట్టు ప్రయాణం చేయడం నాకైతే ముచ్చటగా అనిపిస్తుంది.

పైకి వెళ్ళిన రాకెట్టును తిరిగి దించుకునే పని ఇంతకంటే కష్టం. స్పేస్ఎక్స్ సంస్థ 2016 ఏప్రిల్ 8న తొలిసారిగా తన రాకెట్టు కింది దశను సముద్రంలో ఒక బార్జి మీద నిలువుగా దించింది. ఆ సమయంలో బార్జి మీద మనుషులెవరూ ఉండరు, ఉపగ్రహ సంకేతాలను బట్టి దాని థ్రస్టర్లే (పక్కలకు నెట్టే చిన్న ప్రొపెల్లర్లే) దాన్ని కదలకుండా పట్టి ఉంచుతాయి. రాకెట్టు దిగిన తర్వాత మొదలయ్యేది పూర్తిగా ఓడవాళ్ళ పని. లోపల ఇంకా ఇంధనం మిగిలి ఉన్న, పది అంతస్తులకు మించిన ఎత్తున్న గొట్టం ఊగుతున్న డెక్కు మీద నిలబడి ఉంటే, దాన్ని బిగించి, వాలిపోకుండా రేవు చేర్చాలి. డెక్కు మీద సరుకును గొలుసులతో, టర్న్‌బకిళ్ళతో (తిప్పి బిగించే మరలతో) లాషింగ్ చేయించిన, అంటే కదలకుండా కట్టించిన అనుభవం మీ అబ్బాయికి ఉండే ఉంటుంది. లెక్క అదే, సరుకు మాత్రం కొత్తది.

మన దగ్గర కూడా ఇది జరుగుతోంది. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ పరీక్షలో పైకి వెళ్ళిన మాడ్యూలు (వ్యోమగాములు కూర్చునే గది) శ్రీహరికోటకు సుమారు 10 కిలోమీటర్ల దూరంలో సముద్రంలో దిగి, నీళ్ళలో తలకిందులైంది. నౌకాదళం వారే దాన్ని ఒడ్డుకు చేర్చారు. 2024 డిసెంబరులో విశాఖ దగ్గర చేసిన అభ్యాసంలో, ఓడ వెనుక భాగంలోని వెల్ డెక్కులోకి నీళ్ళు వదిలి, మాడ్యూలు నమూనాను తేలుతుండగానే లోపలికి లాగి, ఆ తర్వాత నీళ్ళు తోడేశారు. వ్యోమగాములు బయటకు రాకుండా అందులోనే కూర్చుని ఓడ ఎక్కడానికి ఈ ఏర్పాటు.

అయితే ఒక హెచ్చరిక కూడా చేయాలి. సముద్రపు పని బాగా తెలిసినంత మాత్రాన వ్యాపారం నిలబడుతుందని చెప్పలేం. నార్వే ఓడల నిర్మాణ సంస్థ క్వెర్నర్ భాగస్వామిగా ఏర్పడిన సీ లాంచ్ కంపెనీ, పాత చమురు వేదికను మార్చి భూమధ్యరేఖ దగ్గర నుంచి 1999–2014 మధ్య 36 ప్రయోగాలు చేసింది. అంత చేసినా అప్పులు పెరిగి 2009లో దివాలా రక్షణ కోరక తప్పలేదు. కాబట్టి ఒక రాకెట్టు కంపెనీలో కాసిని వాటాలు కొని 'అంతరిక్ష రంగంలోకి ప్రవేశించాం' అని ప్రకటించే ఓడల కంపెనీని నేను పెద్దగా నమ్మను. చేతిలో రవాణాకో, ట్రాకింగుకో, రికవరీకో కుదిరిన కాంట్రాక్టు ఉందా అని మీ అబ్బాయిని అడగమనండి. ఉంటే నిశ్చింతగా వెళ్ళవచ్చు. ఈలోగా ఓడను థ్రస్టర్లతో ఒకేచోట నిలిపి ఉంచే డైనమిక్ పొజిషనింగ్ సర్టిఫికెట్టు తీసుకోవడం, వీలైతే ఎల్ఎన్‌జీ (ద్రవంగా మార్చిన సహజవాయువు, అందులో ఎక్కువ భాగం మీథేన్) ఓడల మీద అనుభవం సంపాదించడం మంచిది. మైనస్ 162 డిగ్రీల దగ్గర ద్రవంగా ఉండే ఆ మీథేనే ఇప్పుడు కొత్త రాకెట్లు కొన్నింటిలో ఇంధనం.

ప్రశ్న: సముద్రంలో ఆపదలో ఉన్న ఓడను కాపాడినవారికి, ముందు ఒప్పందం లేకపోయినా ప్రతిఫలం అడిగే హక్కు ఉంటుందని లా కాలేజీలో చదివాను. పాడైపోయి తిరుగుతున్న ఉపగ్రహాన్ని పట్టుకున్నవారికి కూడా ఆ హక్కు ఉంటుందా?
– ఒక విద్యార్థి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఉండదు. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ఎనిమిదో అధికరణం ప్రకారం ఉపగ్రహం చెడిపోయినా, ముక్కలైనా దాని మీద యాజమాన్యం మారదు, నమోదు చేసిన దేశపు అధికారం పోదు. అడగకుండా ముట్టుకున్నవారికి కూలి రాకపోగా, తగాదా మిగులుతుంది. అందుకే అక్కడ ఇప్పటికి నడుస్తున్నది టగ్ బోటు (ఇతర ఓడలను లాగే పడవ) వ్యాపారమే. 2020 ఫిబ్రవరి 25న ఎంఈవీ-1 అనే వాహనం, ఇంధనం అయిపోవస్తున్న ఇంటెల్‌శాట్ 901 ఉపగ్రహానికి అతుక్కుని, దాన్ని మళ్ళీ పనిచేసే కక్ష్యలోకి తెచ్చింది. అది యజమానితో ముందే కుదుర్చుకున్న ఒప్పందం మీద జరిగిన పని. కనుక మీ పాఠ్యపుస్తకంలో సాల్వేజ్ (మీరు చెప్పిన, ఆపదలో ఉన్న ఓడను కాపాడే పని) అధ్యాయం ముగించాక, విద్యార్థులు సాధారణంగా వదిలేసే టోయింగ్ (ఓడను లాక్కెళ్ళే) కాంట్రాక్టుల అధ్యాయం కూడా చదవండి. ఎంఈవీ-1 ఒప్పందానికి దగ్గరగా ఉండేది అదే.