డ్రాక్యులా అచ్చుబొమ్మల్లో కనిపించేది వ్లాద్ అసలు ముఖమేనా?

సూటిగా చెప్పాలంటే, పోలికలు కొంతవరకు నిజమే కావచ్చు, కానీ ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి గీసినవి మాత్రం కావు. డ్రాక్యులా అని పేరుపడ్డ మూడో వ్లాద్, ఇప్పటి రొమేనియా దక్షిణ భాగమైన వలేకియాకు పాలకుడు. ఆయన 1476 చివర్లోనో 1477 మొదట్లోనో చనిపోయాడు. ఆయన ముఖం బొమ్మతో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో చిన్న పుస్తకం అచ్చయింది 1488లో, బాంబెర్గ్‌లో 1491లో.

బొమ్మను చెక్కదిమ్మెపై ఎత్తుగా మిగిలేలా చెక్కి, సీసపు అక్షరాల పక్కనే బిగించి, ఒకే అదుముతో రెండూ అచ్చు వేసేవారు. అందుకే ఇవి చవగ్గా, త్వరగా తయారయ్యేవి. కొన్ని ప్రతులకు తర్వాత చేత్తో రంగులద్దారు.

పొడవాటి జుట్టు, గుబురు మీసం, విశాలమైన కళ్లు, రత్నాల టోపీ: ఆస్ట్రియాలోని అంబ్రాస్ కోటలో ఉన్న తైలవర్ణ చిత్రంలోనూ దాదాపు ఇవే కనిపిస్తాయి. అదీ ఆయన చనిపోయాక, 16వ శతాబ్దంలో వేసిందే. వ్లాద్‌ను స్వయంగా చూసిన పోప్ దూత నికోలస్ కూడా పెద్ద ఆకుపచ్చ కళ్లు, నల్లటి కనుబొమలు, మీసం ఉన్నాయని రాశాడు. నాకు బలమైన ఆధారంగా తోచేది ఈ మాటే.

1499 న్యూరెంబర్గ్, 1500 స్ట్రాస్‌బర్గ్ ముద్రణల సంగతి వేరు. కొరత వేసిన శవాల మధ్య వ్లాద్ భోంచేస్తున్న దృశ్యం వాటిది, అంటే అది పోలిక కోసం వేసింది కాదు, భయపెట్టి అమ్మడానికి వేసింది. పైగా ఈ పుస్తకాల్లోని ఆయన క్రూరత్వపు కథలు మొదట ప్రచారమైంది ఆయనతో వ్యాపార తగాదాలున్న, పొరుగునే ఉన్న ట్రాన్సిల్వేనియా ప్రాంతపు జర్మన్ల నుంచీ, 1462లో ఆయన్ని బంధించిన హంగరీ రాజు మత్తియాస్ ఆస్థానం నుంచీ. క్రూరత్వం కట్టుకథ కాదు, అయితే ఆ బొమ్మలను చూసేటప్పుడు ఈ శత్రుత్వాన్ని లెక్కలోకి తీసుకోవాలి.