సాయంత్రం ఐదు లోపల

నాయనా,

సెలవుకు నెల్లూరు వచ్చిన నాకు, అమెరికాలో నీకొచ్చిన ఉద్యోగంలో చేరాలా వద్దా అన్న నీ సందేహం మీ అమ్మ అప్పగించి వెళ్ళింది. రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువు దగ్గర ఆవిడ ఉద్యోగ రొట్టె అందుకుందట, ఆ తరువాతే నీకు విశ్వవిద్యాలయంలో పని ఖాయమైందట. మీ నాన్న మాత్రం, "అంత చదివి కాలేజీ ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేయడమా?" అన్నారట. పదిహేడేళ్ళుగా అక్కడి ఒక విశ్వవిద్యాలయంలో, పరిశోధన నిధుల దరఖాస్తులు చూసే పరిశోధన పాలన కార్యాలయంలో అదే పని చేస్తున్నదాన్ని, నాకు కాస్త గుచ్చుకుంది.

అమెరికాలో ప్రభుత్వ పరిశోధన నిధి సాధారణంగా ప్రొఫెసరు పేరిట కాదు, విశ్వవిద్యాలయం పేరిట మంజూరవుతుంది. అందుకే దరఖాస్తును చివరగా పంపే అధికారం మా కార్యాలయంలో ఉంటుంది. ప్రొఫెసరుకూ ఆ అధికారికీ మధ్యనున్న సాఫ్ట్‌వేర్ మన పూచీ. వైద్య పరిశోధనకు నిధులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్ఐహెచ్. దాని ప్రధాన పరిశోధన నిధి ఆర్01కు వేసే కొత్త దరఖాస్తులకు ఫిబ్రవరి, జూన్, అక్టోబర్ 5 మామూలు గడువులు. స్థానిక సమయం సాయంత్రం ఐదు దాటితే అంతే.

నేను చేరిన కొత్తలో ఒక అక్టోబర్ గడువు రోజు, 4.40కి ఒక జీవశాస్త్ర ప్రొఫెసరు వణికే గొంతుతో ఫోను చేశాడు. పన్నెండు పేజీల పరిశోధన ప్రణాళిక, బడ్జెట్ అన్నీ సిద్ధం, దరఖాస్తు మాత్రం తిరిగి వచ్చేస్తోంది. నేను సర్వర్ లాగ్‌లు, అంటే సర్వర్ తన పని గురించి రాసుకునే చిట్టాలు, తిరగేస్తూ కూర్చున్నాను. పక్క బల్ల దగ్గర, కంప్యూటర్ చదువే లేని ఒక పెద్దావిడ ఫారం తెరిచి, ఎన్ఐహెచ్ ఆన్‌లైన్ వ్యవస్థ ఈఆర్ఏ కామన్స్‌లో ప్రొఫెసరుకున్న ఐడీ రాయాల్సిన గడి ఖాళీగా ఉందని చూపించింది. 4.56కి దరఖాస్తు వెళ్ళింది. ఆ రోజు నుంచి నేను లాగ్‌ల కన్నా ముందు ఫారం చదువుతాను. తెర మీద 'ఎర్రర్' వస్తే ఆగాలి, 'వార్నింగ్' వస్తే చదివి ముందుకు వెళ్ళవచ్చు. కంగారులో ఉన్న ప్రొఫెసరుకు రెండూ ఒకటే. ఆ తేడా నిదానంగా చెప్పగలగడం సగం ఉద్యోగం.

మిగతా సగం విసుగు పుట్టించేదే. 2022 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం, నిధులు కోరే సంస్థలను గుర్తించే తొమ్మిది అంకెల డన్స్ సంఖ్య తీసేసి, అక్షరాలూ అంకెలూ కలిపి పన్నెండు ఉండే యూఈఐ అనే గుర్తింపు పెట్టింది. మా డేటాబేసులో ఆ గడి తొమ్మిదికే కట్టి ఉంది! ప్రభుత్వ నిధులు కోరే సంస్థలు చేసుకోవాల్సిన శామ్ నమోదు ఏటా పునరుద్ధరించాలి. అది మురిగితే విశ్వవిద్యాలయం మొత్తం దరఖాస్తులు ఆగిపోతాయి. చేరగానే ఆ తేదీ ఎవరి క్యాలెండర్‌లో ఉందో కనుక్కో.

వీసా సంగతి. ప్రభుత్వ, లాభాపేక్ష లేని విశ్వవిద్యాలయాలు, విదేశీ నిపుణులకిచ్చే ఉద్యోగ వీసా హెచ్1బీకి ఉన్న వార్షిక పరిమితి కిందికి రావు. ఏటా 65,000 వీసాలు, దానిపై అమెరికాలో మాస్టర్స్ లేదా అంతకు మించి చదివినవారికి 20,000 అన్న లెక్కతో, లాటరీతో పని లేదు, ఏడాదిలో ఎప్పుడైనా దరఖాస్తు వేయవచ్చు. అయితే రేపు కంపెనీకి మారాలంటే, ఇంతకుముందు ఆ లెక్కలో చేరి ఉంటే తప్ప, లాటరీ మళ్ళీ నీ ముందుకు వస్తుంది. చాలామంది ఈ రెండో మాట వినకుండా చేరి, మూడేళ్ళ తరువాత నాకు ఫోను చేస్తారు.

జీతం కంపెనీల కన్నా తక్కువే, బేరమాడినా పెద్దగా పెరగదు. అంతకన్నా ముఖ్యం, నీ జీతం ఏ ఖాతా నుంచి వస్తుందో అడుగు. ఏదో ఒక ప్రాజెక్టు నిధి నుంచైతే, ఆ నిధి ముగిసిన రోజున నీ పనీ ముగియవచ్చు. విశ్వవిద్యాలయం సొంత ఖాతా నుంచైతే కొంత నిబ్బరం. చదువు ఫీజు మినహాయింపు ఉందా అన్నదీ అడుగు. నేను రెండో మాస్టర్స్ అలాగే చేశాను.

కోరిక తీరినవాళ్ళు మరొకరికి రొట్టె ఇవ్వాలి కదా, వచ్చే మొహర్రానికి నువ్వే వచ్చి ఇవ్వాలని మీ అమ్మ పట్టు. అమెరికాలో ఉండగానే ఒక వీసా హోదా నుంచి మరొకదానికి మారేందుకు వేసే స్టేటస్ మార్పు దరఖాస్తు తేలక ముందే దేశం దాటితే దాన్ని వదులుకున్నట్లే లెక్క. విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ కార్యాలయాన్ని అడగకుండా టికెట్ కొనకు. రొట్టె మీ అమ్మే ఇస్తుందిలే, చెరువు గట్టున ఎవరూ పాస్‌పోర్టు చూడరు.