కైజర్ కాలపు నాణేలు అమ్మాయి చదువుకు పెట్టుబడి అవుతాయా?

ప్రశ్న: స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నెల ఖర్చు సుమారు 3,200 యూరోలు, బ్యాంకులో 22,000 యూరోలు ఉన్నాయి, విజయవాడ ఫ్లాటు మీద గృహరుణం ఇంకా నడుస్తోంది. రాజ్యాల లాంఛనాలు (రాజచిహ్నాలు) ముద్రించిన పాత జర్మన్ నాణేలంటే నాకు ఎంతో ఇష్టం. ఒకాయన తన తాతగారి సేకరణ అంటూ 5 మార్కుల (మార్కు అంటే అప్పటి జర్మన్ కరెన్సీ) నాణేలు 12, 3 మార్కులవి 10, 2 మార్కులవి 18, 20 మార్కుల బంగారు నాణేలు రెండు, అన్నీ కలిపి 6,800 యూరోలకు ఇస్తానంటున్నారు. అందులో 1917 నాటి అరుదైన సాక్సనీ 3 మార్కుల నాణెం కూడా ఉందట. ఏడేళ్ల మా అమ్మాయి పైచదువు కోసం దీన్ని పెట్టుబడిగా కొనవచ్చా? ఈ వారాంతంలోగా జవాబు కావాలంటున్నారు.

జవాబు: ఈ ధరకు, ఈ ఉద్దేశంతో కొనవద్దని ముందే చెబుతున్నాను. నాణేల సేకరణ మానుకోమని మాత్రం చెప్పను. పాత నాణేనికి మీరు చెల్లించే ధరలో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి లోహం విలువ. దాన్ని ఏ రోజు కావాలన్నా తూకం వేసి డబ్బుగా మార్చుకోవచ్చు. రెండోది సేకర్తలు దాని మీద అదనంగా పెట్టే ధర. మరొక సేకర్త ముందుకు వచ్చి కొన్ననాడే అది చేతికి వస్తుంది. కుటుంబ ఆస్తుల పట్టికలో మొదటి భాగాన్ని మాత్రమే రాసుకోవాలి, రెండోదాన్ని మీ సరదాకు పెట్టిన ఖర్చుగా చూడాలి.

లోహం లెక్క కష్టమేమీ కాదు. 1871, 1873 చట్టాల ప్రకారం, కైజర్ అనే చక్రవర్తి కింద పలు రాజ్యాలు కలిసిన జర్మన్ సామ్రాజ్యమంతటా ఒకే ప్రమాణంతో, నూటికి 90 పాళ్ల వెండితో నాణేలు ముద్రించారు కాబట్టి, ఏ రాజు బొమ్మ ఉన్నా 5 మార్కుల నాణెంలో 25 గ్రాములు, 3 మార్కులదానిలో 15, 2 మార్కులదానిలో 10 గ్రాముల శుద్ధ వెండి ఉంటుంది. 20 మార్కుల బంగారు నాణెం 7.965 గ్రాములు తూగుతుంది, అందులో 7.168 గ్రాములు శుద్ధ బంగారం. సాక్సనీ నాణేన్ని పక్కన పెడితే మీకు చూపిన వాటిలో 615 గ్రాముల వెండి, 14.3 గ్రాముల బంగారం ఉన్నాయి. లెక్క తేలికగా ఉండటానికి వెండి గ్రాము ఒక యూరో, బంగారం గ్రాము వంద యూరోలు అనుకుంటే మొత్తం సుమారు 2,050 యూరోలు అవుతుంది. మీరు ఆనాటి అసలు ధరలు వేసి చూసుకోండి. నా అంచనా ధరల ప్రకారం, అడుగుతున్న 6,800లో దాదాపు 70 శాతం లోహానికి సంబంధం లేని సొమ్ము.

ఆ 70 శాతానికి ఆయన చూపుతున్న ప్రధాన కారణం సాక్సనీ నాణెం కాబట్టి దాని సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మార్టిన్ లూథర్ నడిపిన క్రైస్తవ మత సంస్కరణోద్యమం మొదలై 400 ఏళ్లు నిండిన సందర్భంగా, లూథర్‌కు అండగా నిలిచిన సాక్సనీ పాలకుడు ఫ్రెడరిక్ ది వైజ్ బొమ్మతో 1917లో ముల్డెన్‌హ్యూటెన్ టంకశాల ఈ 3 మార్కుల నాణేన్ని ముద్రించింది. ముద్రించినవి వంద మాత్రమే. సామ్రాజ్య కాలపు వెండి నాణేలలో ఇంత పేరున్నది మరొకటి లేదు. నిజమైనది వేలానికి వస్తే పదుల వేల యూరోలు పలుకుతుంది. అందుకే దీనికి నకళ్లు, జ్ఞాపికలుగా తరువాత పోసిన ప్రతులు లెక్కలేనన్ని ఉన్నాయి. నిజమైన నాణెం చేతిలో ఉన్న మనిషి దాన్ని మరో 41 నాణేలతో కలిపి 6,800కు ఎందుకు ఇస్తాడు? తెలియక ఇస్తున్నాడనుకోవడానికి లేదు, అరుదైనదని ఆయనే చెబుతున్నాడు. ప్రసిద్ధ వేలం సంస్థ లేదా గుర్తింపు పొందిన నిపుణుడు పరీక్షించి రాసిచ్చేవరకు మీ లెక్కలో దాని విలువ సున్నా.

ఇక మీకు ఇష్టమైన లాంఛనాల విషయం. సామ్రాజ్య కాలపు పెద్ద నాణేలలో లాంఛనాల వైవిధ్యం మీరు అనుకుంటున్నంత లేదు. 2 మార్కులు, అంతకు పైబడిన నాణేలలో దాదాపు అన్నింటికీ ఒకవైపు కిరీటం కింద రెక్కలు విప్పిన సామ్రాజ్యపు డేగ ఉంటుంది. దాని గుండెల మీది డాలులో, సామ్రాజ్యంలో అతిపెద్దదైన ప్రష్యా రాజ్యపు డేగ, ఆ డేగ గుండెల మీద ప్రష్యా రాజవంశానికి చెందిన నాలుగు గళ్ల హోహెన్‌జోలెర్న్ డాలు ఉంటాయి. రెండోవైపు సాధారణంగా ఆయా రాజ్యపు పాలకుడి ముఖమే కనిపిస్తుంది. రాజులు లేని మూడు స్వతంత్ర నగరాలు మాత్రమే ఆ చోట తమ సొంత లాంఛనాన్ని ముద్రించుకున్నాయి: హాంబర్గ్‌ది మూడు బురుజుల కోట, బ్రెమెన్‌ది తాళంచెవి, ల్యూబెక్‌ది రెండు తలల డేగ. (అచ్యుతరాయల వరహాల మీది గండభేరుండాన్ని చూసిన తెలుగువారికి ఈ చివరిది చప్పున గుర్తుండిపోతుంది.) కాబట్టి మీరు కొనాలనుకుంటున్న నలభై వెండి నాణేలలో నిజంగా మీ అభిరుచికి సరిపోయేవి బహుశా నాలుగైదుకు మించవు. మిగతావన్నీ మీసాల రాజుల బొమ్మలే.

బొమ్మ అందానికీ ధరకూ కూడా నేరుగా సంబంధం ఉండదు. హాంబర్గ్ కోట ఎంత చక్కగా ఉన్నా అనేక సంవత్సరాల పాటు ముద్రించారు కాబట్టి సులభంగా దొరుకుతుంది. బ్రెమెన్ వెండి నాణేలు 1904లో 2 మార్కులది, 1906లో 5 మార్కులది మాత్రమే కాబట్టి వాటికి ఎక్కువ పెట్టాలి. అలాగని తక్కువ కాలం ముద్రించినదల్లా అరుదైనదీ కాదు. 1888లో 99 రోజులే ఏలిన చక్రవర్తి మూడో ఫ్రెడరిక్ నాణేలను జనం జ్ఞాపకంగా దాచుకోవడం వల్ల అవి నేటికీ మంచి స్థితిలో విరివిగా కనిపిస్తాయి. ధరను నిలబెట్టేవి మిగిలిన సంఖ్య, అరుగుదల లేని స్థితి, వెతికేవారి సంఖ్య. జర్మన్ విక్రేతలు సేర్ ష్యోన్, ఫోర్‌స్యూగ్లిష్, ష్టెంపెల్‌గ్లాన్స్ అని మెరుగయ్యే క్రమంలో చెప్పే స్థితి స్థాయిల మధ్య తేడా వల్ల ఒకే నాణెం ధర ఎన్నో రెట్లు మారుతుంది, ఎవరైనా రుద్ది మెరిపించి ఉంటే ఆ పైధర అంతా పోతుంది.

లాంఛనాలే కావాలంటే సామ్రాజ్యం కంటే వెనక్కి వెళ్లమని నా సలహా. 1857లో జర్మన్ రాజ్యాలు, ఆస్ట్రియా నాణేల గురించి చేసుకున్న వియన్నా ఒప్పందం తరువాత వచ్చిన, ఆ రాజ్యాలన్నింటిలో చెల్లే పెద్ద వెండి నాణేలైన ఫెరైన్స్‌టాలర్‌లలో ఒక్కొక్కదానిలో 16.67 గ్రాముల వెండి ఉంటుంది, ప్రతి రాజ్యమూ తన చిహ్నాన్ని తన పద్ధతిలో చెక్కించుకుంది. మీరుంటున్న వ్యుర్టెంబెర్గ్ టాలర్ మీద మూడు జింక కొమ్ములు, మూడు సింహాలు ఉన్న డాలును ఒకవైపు సింహం, మరొకవైపు జింక పట్టుకుని నిలబడతాయి. సాధారణ స్థితిలో ఉన్నది ఒక్కటి ఎంచుకుని కొంటే ఆ నలభైలో దొరకని తృప్తి దొరుకుతుందని నా నమ్మకం.

ఇప్పుడు మీ ఇంటి లెక్కకు వస్తాను. ఆరు నెలల ఖర్చు 19,200 యూరోలు అత్యవసర నిధిగా కదలకుండా ఉండాలి. మిగిలేది 2,800. ఉద్యోగంతో పాటు నివాస అనుమతి కూడా ముడిపడి ఉండే విదేశంలో ఆ నిధిలోంచి 4,000 యూరోలు తీసి నాణేల్లో పెట్టడాన్ని నేను సమర్థించలేను. అమ్మాయి చదువుకు ఇంకా పదకొండేళ్లు ఉంది కాబట్టి నెలనెలా అనేక కంపెనీల వాటాలను కలిపి కొనే విస్తృత ఈక్విటీ సూచీ ఫండ్‌లో కొంత, విజయవాడ అప్పు ముందస్తు చెల్లింపుకు కొంత కేటాయించండి. అప్పు తీరితే ఆదా అయ్యే వడ్డీ ఖాయం, నాణెం ధర పెరుగుదల ఖాయం కాదు. సరదాకు నెలకు 80 నుంచి 100 యూరోలు విడిగా పెట్టుకోండి, ఖర్చు కాని నెల మిగిలింది మరుసటి నెలకు చేర్చుకోండి.

అమ్మే రోజు ఖర్చులు కూడా తెలిసి ఉండాలి. వేలంలో కొనేవారు సుత్తి పడిన ధర (వేలం ఖరారైన ధర) మీద సాధారణంగా 20 శాతానికి పైగా రుసుము కడతారు, అమ్మేవారి నుంచి కూడా కమిషన్ కోస్తారు, అందువల్ల ఈరోజు వేలంలో కొని రేపు అదే ధరకు వేలంలోనే అమ్మినా మీకు నష్టమే. పన్ను వైపు మాత్రం జర్మనీలో కొంత ఊరట ఉంది: ఏడాది దాటిన తరువాత అమ్మితే వ్యక్తిగత అమ్మకపు లాభానికి పన్ను లేదు, ఏడాదిలోపు అమ్మితే పన్ను పడకుండా ఉండటానికి అలాంటి లాభాలన్నీ కలిపి ఆ సంవత్సరంలో 1,000 యూరోలకు లోపు ఉండాలి, ఆ గీత తాకితే మొత్తం లాభానికీ పన్ను పడుతుంది.

భారతదేశానికి తిరిగి వచ్చే ఆలోచన ఉంటే మరొక చిక్కు ఉంది. విదేశాల నుంచి వచ్చేవారికి బంగారం, వెండి విషయంలో ఉన్న సుంకం మినహాయింపు ఆభరణాలకే పరిమితం, నాణేలకు వర్తించదు. పైగా 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్లు దాటిన నాణేలను తన నిర్వచనంలో చేర్చుకుంది కాబట్టి, ఒకసారి ఇంటికి తెచ్చాక మళ్లీ జర్మనీ వేలానికి పంపాలంటే ఆటంకాలు ఎదురవుతాయి. అమ్మదలచినవి అక్కడే అమ్మి రండి.

ఆ పెద్దమనిషికి వారాంతంలోగా ఇలా రాయండి: మొత్తం సేకరణ వద్దు, నగరాల లాంఛనాలున్న నాణేలను మాత్రం విడివిడిగా తీసుకుంటాను, ప్రతిదాని బరువు, అంచు, రెండు ముఖాల ఫొటోలు పంపండి. 5 మార్కులది 27.78 గ్రాములు, 3 మార్కులది 16.67, 2 మార్కులది 11.11 గ్రాములు తూగాలి, అరుగుదల వల్ల కొద్దిగా తగ్గవచ్చు. 5, 3 మార్కుల నాణేల అంచు మీద ‘గాట్ మిట్ ఉన్స్’ అనే అక్షరాలు ఉండాలి. విడిగా ఇవ్వనంటే బేరం అక్కడితో వదిలేయండి, ఇస్తానంటే 400 యూరోలు దాటకండి.