అమ్మకు పంపే డబ్బుకు పన్ను రాయితీ ఉందా?

ప్రశ్న: శ్రీసిటీలో ఒక కంపెనీలో పనిచేస్తున్నాను. జీతం ఏడాదికి రూ.14.75 లక్షలు. తిరుపతిలో సొంత ఇల్లు, అప్పు లేదు. బ్యాంకులో 7 శాతం వడ్డీకి రూ.8 లక్షల ఎఫ్‌డీ ఉంది. నాన్నగారు లేరు. చిత్తూరులో ఉంటున్న అమ్మకు (67 ఏళ్లు) నెలకు రూ.15 వేలు పంపుతున్నాను. షుగరు, బీపీ మందుల ఖర్చూ నాదే. ఆమెకు ఆరోగ్య బీమా లేదు. తమ్ముడు ఇప్పుడు సాయం చేసే స్థితిలో లేడు. నాకు పన్ను మినహాయింపు వస్తుందా? అమ్మ పేరున అద్దె రసీదు పెట్టమని ఆఫీసులో ఒకరు చెబుతున్నారు.
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: నెలనెలా పంపే రూ.15 వేలకు రాదు. కన్నవారిని పోషిస్తున్నందుకు ఆదాయంలో ఇంత తగ్గించుకోవచ్చనే నిబంధన మన ఆదాయపు పన్ను చట్టంలో లేదు. ఆ డబ్బు అమ్మగారికి ఆదాయంగా మారదన్నదొక్కటే ఊరట. కూతురు ఎంత ఇచ్చినా తల్లికి దానిపై పన్ను పడదు.

అద్దె రసీదు మాట వదిలేయండి. మీరు ఉంటున్న ఇంటికి అద్దె కడితేనే ఆ మినహాయింపు. తిరుపతిలో సొంత ఇంట్లో ఉంటూ చిత్తూరు ఇంటికి అద్దె కట్టినట్టు చూపడం దొంగ లెక్క.

చట్టం ఇచ్చేది వైద్యానికి. 60 ఏళ్లు దాటిన తల్లిదండ్రుల ఆరోగ్య బీమా ప్రీమియం కడితే ఆదాయపు పన్ను చట్టంలోని 80డి సెక్షను కింద ఏడాదికి రూ.50 వేల వరకు తగ్గించుకోవచ్చు. బీమా లేకపోతే అదే పరిమితిలో మందులు, ఆస్పత్రి ఖర్చులు చూపవచ్చు. అయితే ఆ చెల్లింపు నగదుగా ఉండకూడదు. మందుల దుకాణంలో యూపీఐతో కట్టి బిల్లు దాచుకోవాలి. పెళ్లయిన కూతురైనా తన తల్లిదండ్రులకు ఇది వాడుకోవచ్చు, అత్తమామలకు మాత్రం కుదరదు. ఎందుకో చట్టం రాసినవారినే అడగాలి!

ఇంతా చేసి, ఇది పాత పన్ను విధానంలోనే. 2025-26 ఆర్థిక సంవత్సరానికి మీ జీతం వరకు లెక్క వేశాను. కొత్త విధానంలో రూ.75 వేల ప్రామాణిక తగ్గింపు పోగా రూ.14 లక్షలపై సెస్సుతో కలిపి పన్ను రూ.93,600. పాత విధానంలో ప్రామాణిక తగ్గింపు రూ.50 వేలు, పీపీఎఫ్ లాంటి పొదుపులు నిండుగా రూ.1.5 లక్షలు, అమ్మగారి వైద్యానికి రూ.50 వేలు తీసేసినా పన్ను రూ.1,87,200. సరిగ్గా రెట్టింపు. రూ.50 వేల మినహాయింపుకు ఆశపడి పాత విధానానికి వెళితే చేతి నుంచే పోతుంది. కొత్త విధానంలోనే ఉండండి.

బీమా సంగతి వేరు, అది పన్ను కోసం కాదు. ముందు మీ కంపెనీ గ్రూపు పాలసీలో తల్లిని చేర్చే వీలుందేమో అడగండి. లేకపోతే విడిగా తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై జీఎస్టీ లేదు. షుగరు, బీపీ ఉన్నాయని దరఖాస్తులో తప్పక రాయండి. ముందే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్లు ఆగాల్సి రావచ్చు, కానీ దాచిపెడితే అవసరం పడిన రోజు క్లెయిము ఇవ్వరు.

మీకు నిజంగా పన్ను తగ్గే దారి ఆ ఎఫ్‌డీలో ఉంది. దాని వడ్డీ మీ జీతం మీద కలిసి సెస్సుతో 15.6 శాతం పన్నుకు గురవుతోంది. గడువు తీరాక రూ.7 లక్షలు అమ్మగారికి బ్యాంకు ద్వారా కానుకగా ఇచ్చి, చిన్న కానుక పత్రం రాసి పెట్టుకోండి. భార్యకో భర్తకో ఇస్తే ఆ వడ్డీని ఇచ్చినవారి ఆదాయంలోనే కలుపుతారు. తల్లికి ఇస్తే అలా కలపరు. ఆ సొమ్మును ఆమె పేరున పోస్టాఫీసు సీనియర్ సిటిజెన్ సేవింగ్స్ పథకంలో వేస్తే ప్రస్తుత వడ్డీ 8.2 శాతం. మూడు నెలలకొకసారి రూ.14,350 ఆమె ఖాతాలో పడుతుంది, అంటే ఇంచుమించు మీరు పంపే ఒక నెల డబ్బు. వేరే ఆదాయం లేకపోతే ఆమెకు పన్ను ఉండదు. మీకు ఏడాదికి రూ.7,644 మిగులుతుంది. గడువు అయిదేళ్లు, మధ్యలో తీస్తే కోత ఉంటుంది. అందుకే మిగతా లక్ష ఆస్పత్రి అవసరాలకు మీ దగ్గరే ఉంచమంటున్నాను.

ఒక్క చిక్కు ఉంది. ఇచ్చాక ఆ డబ్బు అమ్మగారిదే. నామినీగా మీ పేరు ఉన్నంత మాత్రాన రేపు అది మొత్తం మీదైపోదు. వీలునామా లేకపోతే తమ్ముడికీ వాటా వస్తుంది. అది మీకు సమ్మతమైతే సరే, కాకపోతే ఖాతా తెరిచే ముందే ముగ్గురూ కూర్చుని మాట్లాడుకుని వీలునామా రాయించండి.