నిలిపి ఉంచిన బండి టైర్లు: గాడి లోతు, రబ్బరు వయసు

మీ అన్నగారు దోహాకు వెళ్తూ ఇంట్లో నిలిపి వెళ్ళిన 2017 నాటి మోటారు సైకిలు తొమ్మిది వేల కిలోమీటర్లు మాత్రమే తిరిగిందనీ, టైర్ల గాడులు ఇంకా లోతుగానే ఉన్నాయనీ, పంక్చర్ షాపులో చూపిస్తే ఢోకా లేదన్నారనీ రాశారు. వచ్చే నెల ఆయన సెలవు మీద వచ్చి వానాకాలమంతా ఆ బండినే నడుపుతారు కనుక టైర్లు మార్చాలా వద్దా అని అడిగారు. ఆయన రాకముందే రెండు టైర్లూ, వాటితోపాటు ట్యూబులూ మార్పించండి. టైరు అరగలేదన్నది నిజమే కావచ్చు, కానీ అరగకపోయినా రబ్బరు పాడవుతుంది.

మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. గల్ఫ్‌కు వెళ్ళిన కొడుకు బండి మీద పట్టా కప్పి వసారాలో నిలిపి ఉంచిన ఇళ్లు మా వాడలో చాలానే ఉన్నాయి. మా తమ్ముడు షార్జాలో ఉన్నన్నాళ్లు అతని బండిని అప్పుడప్పుడు నేనే నడిపేవాణ్ణి. అతనిదీ నాదీ ఒకే కంపెనీ బండి, ఒకే మోడల్, ఒకే కొలత టైర్లు. కాకపోతే నా టైర్లు అంతకు ముందు ఏడాది వేయించినవి, అతనివి షోరూమ్ నుంచి బండితో పాటు వచ్చినవి. ఎండాకాలంలో రెండు బండ్లకూ తేడా నాకు ఏమాత్రం తెలియలేదు. జూన్‌లో తొలి వానకు రోడ్డు తడిసిన రోజున మాత్రం, నా బండి ఎప్పుడూ నిమ్మళంగా ఆగే మలుపు దగ్గర, తమ్ముడి బండి వెనుక చక్రం కాలి బ్రేకు కొద్దిగా నొక్కగానే బిగుసుకుపోయి పక్కకు ఈడ్చుకుపోయింది. వేగం తక్కువ కనుక పడలేదు. ఆ సాయంత్రమే నా బండి తీసుకెళ్ళి అదే చోట అదే వేగంలో బ్రేకు వేస్తే చక్రం మామూలుగా ఆగింది. మెకానిక్ చేత తమ్ముడి బండి బ్రేకు షూలు విప్పించి చూపించాను, వాటిలో ఏ లోపమూ లేదు. గాడుల లోతు చూస్తే నా టైర్ల కంటే తమ్ముడి టైర్లకే ఎక్కువగా ఉంది. కొత్త టైర్లు వేయించాక ఆ మలుపులో ఆ బండి మళ్ళీ జారలేదు.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే టైరుకు పట్టు ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. గాడులు చేసే పని, తడి రోడ్డు మీద నీటిని పక్కకు తోసి రబ్బరుకు రోడ్డును అందించడం. రోడ్డు అందిన తర్వాత పట్టుకోవలసింది రబ్బరే. తారులోంచి పైకి తేలిన కంకర మొనల చుట్టూ, ఆ కంకర మీద కంటికి కనబడని గరుకులోకి కూడా మెత్తని రబ్బరు క్షణంలో వెయ్యోవంతులో ఒదిగి, వాటిని దాటుతూ సాగి, మళ్ళీ తన ఆకారానికి వస్తుంది. ఆ సాగడంలోనూ ముడుచుకోవడంలోనూ ఖర్చయ్యే శక్తి, రబ్బరుకూ రాయికీ నేరుగా తగిలిన చోట ఏర్పడే అంటు, ఈ రెండూ కలిసినదే మనం అనుభవించే పట్టు. బైక్ టైరు నేలను తాకే జాగా అరచేయంత కూడా ఉండదు కనుక, అంత చిన్న జాగాలో రబ్బరు ఒదగగలిగినంత మేరకే మనకు రక్షణ ఉంటుంది. నీటి పొర అంటును బాగా తగ్గిస్తుంది కనుక తడి రోడ్డు మీద దాదాపు భారమంతా రబ్బరు మెత్తదనం మీదే పడుతుంది. గట్టిపడిన రబ్బరు కంకర మొనల మీద తేలుతూ పోతుంది గానీ వాటి మధ్యకు దిగదు. గాడులు ఎంత లోతుగా ఉన్నా ఈ లోటును పూడ్చలేవు.

రబ్బరు గట్టిపడటానికి కారణం కారఖానాలో మొదలైన పనే. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొన్న పద్ధతిలో, పచ్చి రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే పొడవాటి రబ్బరు అణువుల మధ్య గంధకపు వంతెనలు ఏర్పడి అది సాగి తిరిగి వచ్చే గుణం పొందుతుంది. టైరు బయటికి వచ్చాక కూడా వేడి, గాలిలోని ఆక్సిజన్ కలిసి కొత్త వంతెనలు కడుతూనే ఉంటాయి. వంతెనలు పెరిగిన కొద్దీ అణువులకు కదలిక తగ్గి రబ్బరు బిరుసెక్కుతుంది. మెత్తదనం కోసం కలిపిన నూనెలు కూడా ఏళ్ల తరబడి మెల్లమెల్లగా బయటికి పోతాయి. ఏళ్ల కిందట కాగితాల కట్టకు చుట్టి మరచిపోయిన రబ్బరు బ్యాండును సాగదీస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు, టైరులోనూ జరిగేది అదే, కాకపోతే నెమ్మదిగా, పైకి కనబడకుండా.

ఇక ఓజోన్ చేసే హాని వేరు. గాలిలో అతి కొద్దిగా ఉండే ఈ వాయువు, సాగి ఉన్న రబ్బరు అణువులను తెంపుతుంది, అందువల్ల పక్క గోడ మీదా గాడుల అడుగునా సన్నని పగుళ్లు పడతాయి. దీన్ని ఆపడానికి తయారీదారులు రబ్బరులో ప్రత్యేకమైన మైనం, మరికొన్ని రక్షక రసాయనాలు కలుపుతారు. అవి లోపలి నుంచి మెల్లగా పైకి ఊరి పలచని పొరగా నిలుస్తాయి, పాత టైరు పక్క గోడ మీద కనిపించే గోధుమ రంగు చాలావరకు వీటిదే. టైరు తిరుగుతూ వంగుతూ ఉంటే ఈ పొర ఎప్పటికప్పుడు కొత్తదవుతుంది. మూడేళ్లు ఒకే చోట, అందులోనూ గాలి దిగిపోయి రిమ్ము బరువుకు పక్క గోడ మడతపడిన స్థితిలో నిలిచిన టైరుకు ఆ అవకాశం ఉండదు, మడత దగ్గరే పగుళ్లు మొదలవుతాయి. తిరగని బండి టైరు భద్రంగా ఉంటుందన్న నమ్మకం అందుకే తప్పు. ఆ గోధుమ పొరను మురికి అనుకొని బ్రష్షుతో రుద్ది, పైన నిగనిగలాడే ద్రవం పూయడం మన సర్వీసింగ్ సెంటర్లలో మామూలయింది. నాకు అది బొత్తిగా నచ్చదు. ఆ ద్రవం నేలను తాకే భాగానికి ఒలికితే జారుడుకు మనమే సాయం చేసినట్లవుతుంది.

వేడి సంగతి మనవైపు మరీ ముఖ్యం. రసాయన చర్యల వేగం ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే సుమారు రెట్టింపవుతుందన్నది రసాయన శాస్త్రంలో వాడే మోటు లెక్క. మే నెలలో 45 డిగ్రీలు దాటే రామగుండంలోనో రెంటచింతలలోనో రేకుల కప్పు కింద నిలిచిన టైరు, చల్లని దేశంలో గ్యారేజీలో నిలిచిన టైరు కంటే ఎంతో ముందుగా ముదురుతుంది. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ 2007లో తమ చట్టసభ అయిన కాంగ్రెస్‌కు ఇచ్చిన నివేదికలో ఒక పెద్ద బీమా కంపెనీ అనుభవం ఉంది. ఆ కంపెనీకి వచ్చిన టైరు క్లెయిముల్లో 77 శాతం ఆరిజోనా, కాలిఫోర్నియా, ఫ్లోరిడా, లూయిసియానా, టెక్సాస్ అనే ఐదు వేడి రాష్ట్రాల నుంచి వచ్చాయి. ఆ రాష్ట్రాల్లో ఉన్నది వారి ఖాతాదారుల్లో 27 శాతం మాత్రమే. ఆ క్లెయిముల్లో 84 శాతం ఆరేళ్లు దాటిన టైర్లవి. అవి కార్ల లెక్కలు, నిజమే, కానీ రబ్బరు రబ్బరే.

ముదిరిన టైరులోని అసలు ప్రమాదం అది ఎండాకాలంలో మంచిగా నటించడం. మండే రోడ్డు మీద గట్టి రబ్బరు కూడా కాస్త మెత్తబడి, పొడిగా ఉన్న రోడ్డును పట్టుకుంటుంది. తొలి వానతో రోడ్డు ఒక్కసారిగా చల్లబడుతుంది, నెలల తరబడి పేరుకున్న దుమ్మూ ఇంజిన్ ఆయిలూ నీటితో కలిసి జిడ్డుగా తయారవుతాయి, టైరు మెత్తదనం ఎక్కువగా కావలసిన రోజునే అది దొరకదు. ఎంత తేడా వస్తుందో అంచనాకు ఒక లెక్క చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండికి ఘర్షణ గుణకం, అంటే టైరుకూ రోడ్డుకూ మధ్య పట్టును చెప్పే అంకె, 0.7 ఉంటే, బ్రేకు పూర్తిగా పడిన తర్వాత అది సుమారు 20 మీటర్లలో ఆగుతుంది. గుణకం 0.5కు పడిపోతే 28 మీటర్లు కావాలి. మొదటి బండి ఆగిపోయిన చోట రెండో బండి ఇంకా గంటకు 32 కిలోమీటర్ల వేగంతో ముందుకు పోతూ ఉంటుంది. ముందు ట్రాక్టరు ట్రాలీ ఉంటే ఆ 32 కిలోమీటర్ల వేగం చాలు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి అయినా, ఏబీఎస్ చక్రం బిగుసుకోకుండా చూడగలదు గానీ లేని పట్టును తెచ్చివ్వలేదు. మామూలు బ్రేకుకే ఏబీఎస్ కటకటమని పదే పదే పనిచేస్తోందంటే అదీ టైరు ముదిరిందనడానికి ఒక గుర్తు. మీ అన్నగారిది 2017 బండి కనుక ఆ ఆసరా కూడా ఉండకపోవచ్చు.

ఇక్కడ ముందు టైరు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే నిలిపి ఉంచని బండ్లలోనూ ఇదే కథ. మన బండ్లలో వెనుక టైరు త్వరగా అరుగుతుంది, కనుక మారుతూ ఉంటుంది. ముందు టైరు అరగదు కనుక ఎవరూ మార్చరు. వెనుక టైరు రెండుసార్లు మారినా ముందు మాత్రం షోరూమ్ నుంచి వచ్చినదే ఉన్న బండ్లు మా మండలంలో కోకొల్లలు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వాలి, ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రం మీదే పడుతుంది. వెనుక చక్రం జారితే చాలాసార్లు సర్దుకోవచ్చు, ముందు చక్రం జారితే నేల మీద పడేదాకా తెలియదు. అంటే బండి మీద అన్నింటికంటే పాత రబ్బరు, అన్నింటికంటే మంచి రబ్బరు కావలసిన చోట కూర్చుని ఉంటుంది. ఒకే టైరుకు డబ్బు ఉందంటే నేను ముందు టైరుకే పెట్టమంటాను. షాపువాళ్లు ఒప్పుకోకపోయినా నా అభిప్రాయం మారదు.

వయసు తెలుసుకోవడం సులభం. పక్క గోడ మీద డీఓటీ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర, తరచుగా కోడిగుడ్డు ఆకారపు గీత లోపల, నాలుగు అంకెలు ఉంటాయి. 2317 అని ఉంటే అది 2017లో 23వ వారంలో తయారైనదని అర్థం. ఒక పక్క కనబడకపోతే చక్రం రెండో పక్క చూడండి, చాలా టైర్లకు ఒక వైపే ఉంటుంది. ఆ తర్వాత టైరును పగటి వెలుగులో తిప్పుతూ గాడుల అడుగు భాగాన్ని, పక్క గోడ రిమ్మును కలిసే అంచును పరిశీలించండి. నేలను తాకే భాగంలో గోరు గుచ్చి వదిలితే కొత్త టైరులో గోరు కొంత దిగి, గుర్తు మెల్లగా పోతుంది. ముదిరిన టైరు మీద గోరు జారిపోతుంది. కచ్చితంగా కావాలంటే రబ్బరు గట్టిదనం కొలిచే చేతి పరికరం షోర్ ఏ కొలతలో అంకె చూపిస్తుంది. రోడ్డు బైక్ టైర్లు కొత్తగా ఉన్నప్పుడు సాధారణంగా 60కి అటూ ఇటూ ఉంటాయి, 75 దాటితే నేను దాని మీద వానలో ఎక్కను. పగుళ్లు లేవు కదా అని మాత్రం నిశ్చింతగా ఉండకండి, పగలకుండానే గట్టిపడిన టైర్లు చాలా ఉంటాయి.

పంక్చర్ షాపులో ఢోకా లేదనడానికి కారణం చట్టం కూడా లోతునే అడగడం. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం ద్విచక్ర వాహనం టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, ఆ నిబంధన చెప్పేది అరుగుదల గురించే. బ్రిటన్‌లో 2021 ఫిబ్రవరి 1 నుంచి లారీలు, బస్సుల ముందు ఇరుసుకు పదేళ్లు దాటిన టైర్లు వాడకూడదని నిషేధించారు. మిషెలిన్ వంటి తయారీదారులు ఐదేళ్ల వాడకం దాటాక ఏటా నిపుణుల చేత చూపించమనీ, తయారైన నాటి నుంచి పదేళ్లు నిండితే ఎలా ఉన్నా తీసేయమనీ చెబుతారు. పదేళ్లన్నది పై గడువు మాత్రమే, అన్నాళ్లూ పట్టు ఉంటుందన్న హామీ కాదు. మన ఎండలకు ముందు టైరును ఐదేళ్లకు, ఎంత బాగా చూసుకున్నా ఆరేళ్లకు మార్చడం నా పద్ధతి.

కొత్తవి కొనేటప్పుడు బిల్లు తేదీ కాదు, టైరు మీద అంకెలు చూడండి. చీకటిగా, చల్లగా ఉన్న గోదాములో ఏడాది పాటు ఉన్న టైరుకు పెద్ద నష్టం ఉండదు. షాపు ముందు ఎండలో వేలాడదీసినది మాత్రం తీసుకోకండి. సంతల్లో నల్లరంగు పూసి అమ్మే పాత టైర్ల జోలికి అసలే పోవద్దు. ట్యూబు కూడా రబ్బరే కనుక పాత ట్యూబును కొత్త టైరులో వేయనివ్వకండి, గాలి పిన్ను మొదట్లో పగుళ్లు ముందుగా పడతాయి. కొత్త టైర్ల మీద మొదటి 150 కిలోమీటర్ల వరకు బండిని గట్టిగా వంచకుండా, ఒక్కసారిగా బ్రేకు వేయకుండా నడపమని మీ అన్నగారికి చెప్పండి.

సెలవు అయిపోయి ఆయన తిరిగి వెళ్ళాక బండిని సెంటర్ స్టాండు మీద, నీడలో నిలపండి. నీళ్ల మోటారు, ఇన్వర్టర్ ఉన్న గదిలో పెట్టకండి, మోటారు నిప్పురవ్వల నుంచి కూడా ఓజోన్ పుడుతుంది. చైను కడిగే కిరోసిన్ టైరు మీద కారకుండా చూసుకోండి. నెలకోసారి గాలి నింపించి, ఇంట్లో నడపగలిగినవారు ఎవరైనా రెండు వారాలకోసారి నాలుగైదు కిలోమీటర్లు తిప్పుకొని వస్తే రక్షక మైనం పైకి ఊరుతూ ఉంటుంది.